ముందు నడిచేవాళ్ళు

నేను ముప్ఫై నాలుగేళ్ళు పీటీ సారుగా పనిచేశాను. గీదంలో కొంతకాలం, దోర్నపాల్‌లో ఎక్కువకాలం, రెండూ తెలుగు సరిహద్దుకు అవతల, హిందీ రాష్ట్రంలోని ఊళ్ళే. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు నా పొట్ట వైపు ఒకసారి చూసి, మర్యాదగా చూపు తిప్పుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. వ్యాయామం నేర్పేవాడు వ్యాయామం చేయాలన్న నిబంధన మా శాఖలో ఎక్కడా రాసి లేదు. వేపచెట్టు నీడన కుర్చీ, మెడలో ఈల, ఒళ్ళో హాజరుపట్టీ. నేను ఈల ఊదితే పిల్లలు పరుగెత్తేవారు. మళ్ళీ ఊదితే ఆగేవారు. రెండుసార్లూ నేను కూర్చునే ఉండేవాణ్ణి.

రిటైరయ్యాక మరైగూడ దగ్గరున్న మా పల్లెకు వచ్చేశాను. జగదల్‌పూర్‌లో ఉండే మా అమ్మాయి నా ఆరోగ్యం గురించి బెంగపెట్టుకుని, అడుగులు లెక్కపెట్టే చేతిగడియారం ఒకటి కొనిచ్చింది. మూడో రోజున నేనొక సంగతి కనిపెట్టాను. అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంటే ఆ గడియారం ప్రతి విసురునూ ఒక అడుగుగా రాసుకుంటోంది. ఆ రోజు నుంచి నా ఆరోగ్యం చాలా మెరుగుపడింది. ఎండలు ముదిరేకొద్దీ ఇంకా మెరుగుపడింది. సాయంత్రానికల్లా గడియారం వణికి, తెర మీద రంగుకాగితాలు ఎగరేసి నన్ను అభినందించేది. ఆ అభినందనను ఫొటో తీసి అమ్మాయికి పంపేవాణ్ణి.

పక్కింట్లోనే మా అక్క ఉంటుంది. ఒకరోజు అడవి నుంచి వస్తూ, తలమీద గంపతోనే అరుగు ముందు ఆగింది.

"తమ్మి, గా గడియారం ఏమంటాంది?"

"ఆరువేల అడుగులు నడిచిన అంటాంది అక్కా."

"యాడికి?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. గంపలోంచి గుప్పెడు ఇప్పపువ్వు తీసి నా విసనకర్ర మీద పోసి లోపలికి వెళ్ళిపోయింది.

అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. ఖచ్చితమైన వయసు అడగొద్దు. ఆధార్ కార్డుల ప్రకారం మా ఊరి ముసలివాళ్ళందరూ జనవరి ఒకటో తేదీనే పుట్టారు, అక్క కూడా అంతే. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నేను హిందీ బడిలో చదువుకుంటుంటే, భద్రాచలంలో బంధువుల ఇంటికి పంపి తెలుగు అక్షరాలు నేర్పించింది కూడా ఆవిడే. తనకు మాత్రం ఏ భాషలోనూ అక్షరం రాదు. మాట్లాడటం మాత్రం నాలుగు భాషల్లో వచ్చు. ఇంట్లో తెలుగు, వాగు దగ్గర దోర్లి, సంతలో గోండీ, రేషన్ దుకాణంలో హిందీ. నాలుగింట్లోనూ తిట్లు బాగా వచ్చు.

ఇప్పపువ్వు సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఎండాకాలం మొదట్లో నెలా నెలన్నర రోజులు రాలుతుంది. తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే మేకల పాలవుతుంది. మేకలకంటే ముందు ఎలుగుబంటి వస్తుంది, ఆ పువ్వంటే దానికి ప్రాణం. అందుకే ఆడవాళ్ళు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. ఇంటికిన్ని అని చెట్లు ఉంటాయి. ఒకరి చెట్టు కింద పువ్వు ఇంకొకరు ముట్టరు. దీనికి కాగితాలూ పట్టాలూ ఏమీ లేవు. ఏ చెట్టు ఎవరిదో అందరికీ తెలుసు, అంతే. అక్క చెట్టు వాగు దాటాక, మిట్ట ఎక్కి దిగితే వస్తుంది. బావ ఉన్నప్పుడు ఇద్దరూ పోయేవాళ్ళు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. అక్క ఒక్క ఏడు కూడా మానలేదు. గొంతుకూర్చుని రెండు గంటలు ఏరి, నిండు గంప నెత్తిన పెట్టుకుని, అదే మిట్ట ఎక్కి దిగి వచ్చేది.

అడవిదారి సన్నగా ఉంటుంది కాబట్టి మా వైపు ఒకరి వెనక ఒకరు నడుస్తారు. అందరికంటే పెద్దవాళ్ళు ముందు నడుస్తారు. వెనకవాళ్ళు వాళ్ళను దాటిపోరు. ముందు నడిచేవాళ్ళు ఎంత నెమ్మదిగా పోతే అందరూ అంతే నెమ్మది. వెడల్పాటి రోడ్డు మీద కూడా అలాగే నడుస్తారు, వెనక లారీవాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోతాడు. నేను ఆగస్టు పదిహేనుకు పిల్లల ముందు చేసిన ఉపన్యాసాలన్నిటిలో ఈ సంగతి తప్పకుండా చెప్పేవాణ్ణి. పెద్దలను ముందు నిలపడంలో ఎంత గౌరవముందో చూడండి, అనేవాణ్ణి. చప్పట్లు బాగానే పడేవి. ఆ తర్వాత లడ్డూలు పంచేవాళ్ళం గనక ఆ చప్పట్లు దేనికో నేనెప్పుడూ విచారించలేదు.

పోయినేడు ఇప్పపువ్వు రాలడం మొదలైన వారంలోనే మా ఊరి బడి ఆవరణలో వైద్య శిబిరం పెట్టారు. పట్నం నుంచి ఒక బృందం వచ్చింది. ముసలివాళ్ళ ఒంట్లో సత్తువ ఎంతుంది, పడిపోయే ప్రమాదం ఎంతుంది, పరీక్ష చేసి కాగితం ఇస్తారట. బృందానికి పెద్ద ఒక చిన్నవయసు డాక్టరమ్మ. ఆవిడకు హిందీ తప్ప రాదు. హిందీ, తెలుగు, దోర్లి వచ్చి, వ్యాయామం గురించి తెలిసి, ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి కావాలంది. ఇన్ని అర్హతలున్న మనిషి మా ఊళ్ళో ఎవరా అని మితానిన్, అంటే మా ఊరి ఆరోగ్య కార్యకర్త, ఆలోచిస్తుండగా నేను మెడలో ఈల వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నాకొక తెల్లటోపీ ఇచ్చారు. కాగితాల మీద పరీక్ష జరిపినవారి సంతకం అని ఒక గీత ఉంది. ఆ గీత కూడా నాకే ఇచ్చారు.

ముందు నేనే చేసి చూపించాను. ఆరు నిమిషాలు, రెండు సున్నపుగీతల మధ్య, అటూ ఇటూ. చదునైన నేల, కాళ్ళకు బూట్లు, మైదానమంతా నా ఒక్కడిదే. ఊరంతా చూస్తోంది. అన్నేళ్ళ ఉద్యోగంలో నడవని నడక ఆ ఆరు నిమిషాల్లో నడిచేశాను. బృందం చప్పట్లు కొట్టింది. నా కాగితం మీద పచ్చ ముద్ర వేశారు. వయసుకు మించిన దారుఢ్యం అని హిందీలో రాశారు. మోకాళ్ళు ఆ తర్వాత రెండు రోజులు సమ్మె చేశాయి, కానీ అది కాగితంలో లేదు.

తర్వాత ఆడవాళ్ళ వంతు. మొదట కుర్చీ పరీక్ష. కుర్చీలో కూర్చుని, చేతులు గుండెకు ఆనించుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టాలి. అక్కను కూర్చోబెట్టాను. జీవితంలో కుర్చీతో ఆవిడకున్న పరిచయం చాలా తక్కువ. అంచున కూర్చుంది.

"లే అక్కా."

లేచి నిలబడింది. వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది.

"ఎవలొచ్చిండ్రు?"

"ఎవరూ రాలే. కూర్చో. మళ్ళ లే."

"ఎవలూ రాకుంటే లేసుడేంది, మళ్ళ కూసునుడేంది? మంచిగ కూసున్నదాన్ని."

ఇంతలో అర నిమిషం అయిపోయింది. ఒకసారి, అని రాసుకున్నాను.

నడక పరీక్షకు వచ్చేసరికి పొద్దు నెత్తికెక్కింది. ఇంకా చాలామంది ఉన్నారు. వంటశాల వైపు నుంచి పూరీల వాసన వస్తోంది. ఒక్కొక్కరినీ కాకుండా ఐదుగురేసి నడిపిద్దామని సలహా ఇచ్చింది నేనే. అక్కతో పాటు నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో పెద్దవ్వ ఒకతె. ఊరందరికీ పెద్దవ్వే. నడుము వంగి, మొహం నేలకేసి ఉంటుంది. కర్ర పట్టుకుని అడుగులో అడుగు వేస్తుంది. నేను ఈల ఊదాను.

ఐదుగురూ వరసలో నిలబడ్డారు. పెద్దవ్వ ముందు, ఆమె వెనక మా అక్క, అక్క వెనక మిగతా ముగ్గురు. అలాగే నడిచారు. మధ్యలో ఒకసారి పెద్దవ్వ ఆగి నోట్లోని చుట్ట సరిచేసుకుంది. అందరూ ఆగారు. ఎవరి కోడలో నెలలు నిండి నీళ్ళాడబోతోందన్న ముచ్చట ఒకటి నడుస్తోంది, దానికి నవ్వుకున్నారు. ఆరు నిమిషాలయ్యాయి. ఐదుగురిదీ ఒకటే లెక్క వచ్చింది.

డాక్టరమ్మ తెలివైన పిల్ల. కాగితాలు చూసి కనుబొమలు ముడిచింది. ఐదుగురికీ ఒకే దూరం ఎలా వచ్చింది, అని హిందీలో నన్నడిగింది. నాకు తెలుసు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ముప్ఫై నాలుగు ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఆ మాట చెబితే మళ్ళీ ఒక్కొక్కరినీ నడిపించాలి, అప్పటికి పూరీలు చల్లారిపోతాయి. పైగా పద్ధతి నేనే చెప్పాను, తప్పు నాదే అవుతుంది. టోపీ సర్దుకుని, ఇక్కడ అందరూ ఇంతే మేడమ్, అన్నాను.

ఐదుగురికీ ఎర్ర ముద్ర పడింది. కాలి సత్తువ బాగా తక్కువ, పడిపోయే ప్రమాదం ఎక్కువ, ఒంటరిగా దూరం పంపరాదు. కింద నా సంతకం. గుండ్రంగా, అందంగా పెట్టాను.

మిగతా నలుగురి ఇళ్ళలో ఆ కాగితాలు ఏమయ్యాయో తెలుసు. ఒకరింట్లో పొయ్యి అంటించారు, ఇంకొకరింట్లో చింతపండు చుట్టారు. అక్క కొడుకు, మా మేనల్లుడు, అలాంటివాడు కాడు. కోంటాలో ఒక ఆఫీసులో ప్యూనుగా చేస్తాడు. ముద్రపడ్డ కాగితానికి ఎంత విలువుంటుందో రోజూ చూస్తుంటాడు. పైగా తల్లంటే వాడికి ప్రాణం. సాయంత్రం వచ్చి కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, చదివి చెప్పమన్నాడు. చదివాను. రాసింది నేనే కాబట్టి బాగా అర్థమయ్యేలా చెప్పాను. వాడి మొహం పాలిపోయింది.

"గింత ఘోరంగ ఉన్నదా మామా? నేను రోజూ సూస్తనే ఉన్న, నాకేం తెల్వలే. అడివిల పడితే ఎవలు సూస్తరు? ఎలుగు వస్తే ఉరుకుతదా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. నేను, అంత భయపడాల్సిందేమీ లేదులే, జాగ్రత్తగా ఉంటే చాలు, అని డాక్టర్లు అనే మాట అన్నాను. మర్నాడు వాడు కోంటా నుంచి రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ. రెండోది ఆ కాగితమే, ప్లాస్టిక్ తొడిగించి. దాన్ని గోడకు, క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించాడు. గంపను దూలం మీద, చేతికందనంత ఎత్తున పెట్టాడు. తల్లి చేతులు పట్టుకుని బతిమాలాడు. అరిచి ఉంటే అక్క నాలుగు భాషల్లోనూ తిట్టిపోసేది. కొడుకు కళ్ళల్లో నీళ్ళు చూసి మెత్తబడింది.

"తమ్ముడే రాసిండు గదా. సదువుకున్నోడు, ఉన్నదే రాస్తడు," అంది.

ఆ మాట అరుగు మీద కూర్చున్న నాకు వినిపించింది. విసనకర్ర ఆగింది. కాసేపటికి మళ్ళీ ఊపడం మొదలుపెట్టాను, అడుగులు తగ్గుతున్నాయి కదా.

అప్పటినుంచి అక్క కుర్చీలో కూర్చునేది. తెల్లవారకముందే లేచే అలవాటు పోలేదు కనుక, ఆ వేళకే లేచి వాకిట్లో కుర్చీలో కూర్చునేది. ఆడవాళ్ళు గంపలతో ఒకరి వెనక ఒకరు పోతుంటే చూసేది. వాళ్ళు తిరిగొచ్చాక ఆగి కబురు చెప్పేవాళ్ళు. నీ చెట్టు కింద పువ్వు పరుపు లెక్క పడ్డది అక్కా, అని ఒకరు. మేకలు తింటున్నయి, అని ఒకరు. ఏరుకోండని అక్క వాళ్ళకు చెప్పింది. వాళ్ళు ముట్టలేదు. మనిషి బతికుండగా ఆమె చెట్టు ఎట్లా ఏరుకుంటాం, అన్నారు.

మొదటి వారం తిట్టింది. కోడలి వంటను తిట్టింది, నా గడియారాన్ని తిట్టింది, కుర్చీని తిట్టింది. నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. రెండో వారం తిట్లు తగ్గాయి. అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టింది. పగలు కునుకు తీసేది, రాత్రి నిద్రపట్టదనేది. పాదాలు వాచాయి. మేనల్లుడు ఆ పాదాలు చూసి, కాగితం సరిగ్గానే చెప్పిందని తలాడించాడు. వాడు సంపాదించిన సెలవులన్నీ తల్లి పక్కన కూర్చోవడానికే వాడేస్తున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఇంట్లో అక్క తప్ప ఎవరూ లేరు. నన్ను చూసి, మంచినీళ్ళిద్దామని అక్క కుర్చీలోంచి లేవబోయింది. లేవలేదు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, ముందుకు ఊగి, మళ్ళీ ప్రయత్నించింది. సగం లేచి కూలబడిపోయింది. నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

"నువ్వు రాసింది నిజమే తమ్మి. కాల్లు ఒస్తలేవు."

ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది. మా అమ్మ పోయిన రోజున కూడా నాకంత భయం వెయ్యలేదు, ఎందుకంటే అప్పుడు అక్క ఉంది. ఇరవై రోజుల కింద మిట్ట ఎక్కి దిగిన మనిషి. నేను రాసిన అబద్ధాన్ని గోడకు తగిలిస్తే, ఆవిడ దాని ఎదురుగా కూర్చుని, రోజురోజుకూ దాన్ని నిజం చేస్తోంది. తమ్ముడి మాట పోకూడదనుకుంటున్నట్టే ఉంది. నాకు సిగ్గేసింది. ఊరికే సిగ్గు కాదు, ఒళ్ళంతా కారం పూసినట్టయింది.

సాయంత్రం మేనల్లుణ్ణి పట్టుకున్నాను. నిజం చెబుదామనే వెళ్ళాను. తీరా నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"పరీక్షలో ఎక్కడో చిన్న పొరపాటు జరిగినట్టుంది రా. అమ్మను అడవికి పోనీ. నడిస్తేనే బాగుంటది."

"పొరపాటు ఎవలు జేసిండ్రు మామా?"

"ఎవరో. పట్నంవాళ్ళు."

"దస్కతు నీదే ఉన్నది గదా."

మళ్ళీ నడిపించి చూద్దామన్నాను. సరేనని ఇద్దరం అక్కను బడి మైదానానికి తీసుకెళ్ళాం. సున్నపుగీతలు ఇంకా సగం చెరిగి కనబడుతూనే ఉన్నాయి. అక్కను గీత దగ్గర నిలబెట్టి, ఆ చివరి గీతదాకా ఒక్కదానివే పోయి రా, అన్నాను.

"ఆడ ఏమున్నది?"

"ఏమీ లేదు. పోయి రావాలె."

"ఏమీ లేని కాడికి పోయి ఒట్టి చేతులతోటి మర్లి వచ్చుడేంది? పిచ్చిదనుకుంటరు," అని అక్కడే కూర్చుండిపోయింది. నేల మీద. బాసింపట్టు వేసుకుని, ఎక్కడా చెయ్యి ఆనించకుండా కూర్చుంది. అది నేను చూశాను. నేల మీదైతే వాచిన కాళ్ళు కూడా ఇంకా మాట వింటున్నాయి. మేనల్లుడు మాత్రం అదేమీ చూడలేదు. తల్లి నడవలేక కూర్చుందనుకున్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో వాడే ఒక మాట అన్నాడు. "నీది పచ్చ కాయితం గదా మామా. నువ్వు తోడు పోతే పంపుత. నువ్వు పక్కన ఉంటే నాకు దిగులుండదు."

అబద్ధం ఆడితే ఇలా ఉంటుంది. ఎర్ర కాగితం అక్కను కుర్చీలో కూర్చోబెట్టింది, పచ్చ కాగితం నన్ను అడవికి బయల్దేరదీసింది. పువ్వు ఇంక వారం పదిరోజులే రాలుతుంది. ఒప్పుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే నేను సిద్ధం. బూట్లు, తెల్లటోపీ, ఎలుగుబంటి కోసం ఈల. గడియారానికి కూడా నిజమైన అడుగులు ఎలా ఉంటాయో చూపిద్దామని పెట్టుకున్నాను. మేనల్లుడు దూలం మీది గంప దించి తల్లికిచ్చాడు. అక్క దాన్ని తిప్పి, ఊది, దుమ్ము దులిపి, చంకన పెట్టుకుంది. ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. ముందు పెద్దవ్వ. చూపు ఆననిది, నడుము వంగినది, ఎర్ర కాగితంలో చింతపండు చుట్టుకున్నది. ఆమె వెనక అక్క. అందరికీ చివర, కాపలాగా, నేను.

ఊరు దాటేదాకా అక్క కాళ్ళు ఈడ్చింది. ఒకచోట ఆగి మోకాలు పట్టుకుంది. పెద్దవ్వ ఆగింది, అందరూ ఆగారు, మళ్ళీ కదిలారు. వాగులోకి దిగేసరికి అక్క నడక మారింది. చల్లనీళ్ళు పాదాలకు తగిలాయి కాబోలు. అవతలి గట్టు ఎక్కుతూ ముందున్న పెద్దవ్వకు చెయ్యి అందించింది. దోర్లిలో ఎవరినో తిట్టింది. ఇరవై రోజుల తర్వాత ఆవిడ నోటి వెంట తిట్టు వినబడేసరికి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అందుకే ముందున్న రాయి కనబడలేదు.

ఆ తర్వాత నా సంగతి చెప్పుకోవాలి. బూట్లలోకి నీళ్ళు వచ్చాయి. మిట్ట మొదలైంది. పది అడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. ఇరవై అడుగులకు మోకాళ్ళు వాటి పాత సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టాయి. పెద్దవ్వ కర్ర చప్పుడు ముందుకు పోతూనే ఉంది, టక్కు టక్కు అంటూ. ఆడవాళ్ళ ముచ్చట్లు దూరమయ్యాయి. తర్వాత వినబడటం మానేశాయి. ఒక మద్దిచెట్టును పట్టుకుని నిలబడ్డాను. పిలుద్దామంటే గొంతు రాలేదు. ఈల నోట్లో పెట్టుకున్నాను గానీ ఊదడానికి ఊపిరి ఉండాలి కదా. ముప్ఫై నాలుగేళ్ళలో నా ఈల మోగకపోవడం అదే మొదటిసారి.

కాసేపటికి మాటలు మళ్ళీ దగ్గరయ్యాయి. వరస మొత్తం వెనక్కి తిరిగి వచ్చింది. అక్క నా ఎదురుగా నిలబడి, పై నుంచి కింది దాకా చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే చూసేది. నా నోట్లోంచి ఈల తీసి, జేబులో వేసింది. భుజం పట్టుకుని ముందుకు నడిపించింది. అందరినీ దాటించి, పెద్దవ్వను కూడా దాటించి, మొదట్లో నిలబెట్టింది. పెద్దవ్వ ఏమీ అడగలేదు. వంగిన నడుముతోనే పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"నేను చిన్నోణ్ణి గదా అక్కా," అన్నాను. "పెద్దోళ్ళు గదా ముందుండాలె. గౌరవం గదా అది."

"గౌరవమేందిరా? కాల్లు రానోల్లు ఎనక ఉంటే పడిపోయినా ఎవలూ సూడరు. ముందుంటే అందరికీ కానొస్తరు. నడువు."

నడిచాను. ఆ మిట్ట ఎక్కడానికి నాకు ఎంతసేపు పట్టిందో గడియారానికి తెలుసు, నేను చూడలేదు. నా వెనక ఐదుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకామె కర్రతో. నేను ఆగితే ఆగారు. ఎవరూ నిట్టూర్చలేదు, ఎవరూ నన్ను దాటిపోవాలని చూడలేదు. వాళ్ళ చెట్ల కింద మేకలు వాళ్ళ పువ్వు తింటుంటాయని వాళ్ళందరికీ తెలుసు. అయినా ఎవరి కోడలో నీళ్ళాడిందన్న ముచ్చటే సాగింది. ఆడపిల్ల పుట్టిందట.

అక్క చెట్టు కింద నేల పసుపచ్చగా ఉంది. పాత పువ్వు కుళ్ళి, దాని మీద కొత్త పువ్వు పడి, కల్లు కుండ దగ్గర ఉన్నట్టు వాసన. అక్క కాసేపు నిలబడి చూసింది. బావ పేరు చెప్పదు కదా, "ఇంటాయన చూస్తే తిట్టేటోడు," అంది. ఆకులూ పాతపువ్వూ చీపురుకొమ్మతో ఒక పక్కకు ఊడ్చి, గొంతుకూర్చుని ఏరడం మొదలుపెట్టింది. నేను వేరు మీద కూర్చుని లెక్కపెట్టాను. లేచింది, పక్కకు జరిగింది, కూర్చుంది. మళ్ళీ లేచింది. కుర్చీ లేదు, చేతులు ఎక్కడా ఆనించలేదు. ముప్ఫై దాకా లెక్కపెట్టి మానేశాను. మొదటి పది సార్లు మూలిగింది, తర్వాత ఆ మూలుగు పాటగా మారింది.

తిరుగుదారిలోనూ నేనే ముందు. నా వెనక అక్క, నెత్తిన నిండు గంపతో.

మేనల్లుడు ఆ రోజు కూడా సెలవు పెట్టి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మేం కనబడగానే ఎదురొచ్చాడు. తల్లి గంప దించి, పువ్వు ఆరబోయడానికి చాప పరుస్తోంది. వాడు గొంతు తగ్గించి నన్నడిగాడు.

"అమ్మ ఎట్ల నడిచింది మామా?"

"నా వెనకే నడిచింది."

వాడు తలాడించాడు. "అనుకున్న. నిన్ను అందుకోలేకపోయింది గదా. కాయితం తప్పు చెప్పలే. నువ్వు రాని రోజు పంపను మామా, ఏమనుకోకు."

ఇంత సులువుగా దొరికిన మర్యాదను ఎవడు కాదనుకుంటాడు? నేనింక ఏమీ చెప్పక్కర్లేదు. తలాడిస్తే చాలు. టోపీ ఇంకా నెత్తి మీదే ఉంది. కానీ రేపు నేను ఆ మిట్ట ఎక్కలేనని నా మోకాళ్ళకు తెలుసు. నేను ఎక్కకపోతే గంప మళ్ళీ దూలమెక్కుతుంది, అక్క మళ్ళీ కుర్చీ ఎక్కుతుంది. ఈసారి ఆ కుర్చీలోంచి లేవదు.

"అట్ల కాదురా," అన్నాను. "నన్ను ముందు పెట్టిండ్రు. పెద్దవ్వ కంటే ముందు."

వాడు నా మొహంలోకి చూశాడు. ఆ దారుల్లోనే పుట్టి పెరిగినవాడు, వాడికి వివరించాల్సిన పనిలేదు. చెప్పడం మొదలుపెట్టాను కనుక మిగతాది కూడా చెప్పేశాను. బడిలో కూడా ఆ రోజు వరసలోనే నడిచారని, ముందు పెద్దవ్వ ఉందని, అది తెలిసే రాశానని, పూరీలు చల్లారతాయని రాశానని. పూరీల మాట దగ్గర టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

మేనల్లుడు తిడతాడనుకున్నాను. తిట్టినా పడేవాణ్ణి. వాడు గోడ మీది కాగితం వైపు చూశాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, ప్లాస్టిక్ తొడిగింది కదా, తొందరగా పాడవదు. తర్వాత వంగి నా కాళ్ళ వైపు, తడిసిన బూట్ల వైపు చాలాసేపు చూశాడు. వాడి కళ్ళల్లో ఒక దిగులు కనబడింది. తల్లి కోసం పెట్టుకున్న దిగులే అది, ఇప్పుడు నా మీదికి మళ్ళింది.

లోపలికి పోయి ఆ నీలం కుర్చీ తెచ్చి, నా వెనక వేశాడు.

"కూసో మామా," అన్నాడు.

చాప మీద పువ్వు ఆరబోస్తున్న అక్క తలెత్తి చూసింది. చేతిలో ఉన్న గుప్పెడు పువ్వు కింద పెట్టింది.

"కూసోబెట్టకురా వాన్ని," అంది కొడుకుతో. "రేపు కూడా ముందు నడవాలె."